తరగతిగదిలో తీగలేని తెర

నలుబది యైదు నిమిషముల పాఠమునందు మొదటి పది నిమిషములు వృథాగా గడచినయెడల తక్కిన పాఠము కుంటువడునని బోధించువారెల్లరును ఎరుగుదురు. పూర్వము ఈ కాలహరణమునకు సుద్దముక్క దొరకకపోవుటయో, గోడపటము చినిగిపోవుటయో కారణముగా నుండెడిది. ఇప్పుడు తరగతిగదులలో తెరలు వెలసినవి. ఉపాధ్యాయుడు తన ఫోనునందలి చిత్రమును గోడమీది టెలివిజనునకు పంపబూనును. ఫోనులో నా టెలివిజను పేరే కానరాదు. “నిన్న మా యింటిలో చక్కగా పనిచేసినదే!” యని ఆయన విస్తుపోవును. పిల్లలు గుసగుసలాడుదురు. ఇంతలో గంట మ్రోగును.

ఇంటిలో పనిచేసిన సాధనము బడిలో నేల పనిచేయదు? ఈ పాఠమున మనము విచారింపబోవు ప్రశ్న యిదియే. ఇది యంత్రములను గూర్చిన వినోదపు ముచ్చట మాత్రమే కాదు. ఇంటియొద్ద తెరగాని, పెద్ద ఫోనుగాని లేని బాలునకు రక్తప్రసరణమును కన్నులార చూచుటకు తరగతిలోని యా పది నిమిషములే గతి. అవి పోయిన మరల రావు.

మన తెలుగుదేశమున నీ తెరల వ్యాప్తి ఇటీవలి కాలమున మిక్కుటమయినది. 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము తన బాసర, నూజివీడు, ఇడుపులపాయ ప్రాంగణములలో విద్యార్థుల చేతికి ల్యాప్‌టాపుల నిచ్చి పాఠములు చెప్పించినది. 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి, బడులు మూతవడియున్న కాలమున, తెలంగాణమునందు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లద్వారా పాఠములు ఇంటింటికిని చేరినవి. 2022 మార్చిలో ‘మన ఊరు – మన బడి’ యను కార్యక్రమము మొదలయ్యెను. ఆంధ్రప్రదేశమున ‘నాడు – నేడు’ పథకము క్రింద 2023లో ఉన్నత పాఠశాలల గదులకు సుమారు 30 వేల స్పర్శతెరలును, ప్రాథమిక పాఠశాలలకు సుమారు 10 వేల స్మార్టు టెలివిజనులును చేరినవి. తెర వచ్చిన పిమ్మట దానికి చిత్రమును తీగ లేకుండ పంపవలెనను కోరిక పుట్టుట సహజమే గదా.

ఇంటి సాధనములు – వాని రెండు మార్గములు

తీగలేకుండ తెరకు చిత్రమును పంపు సాధనములలో మూడు పేరెన్నికగన్నవి. ఆపిల్ సంస్థవారి ‘ఎయిర్‌ప్లే’ 2010లోను, వైఫై అలయన్స్ వారి ‘మిరాకాస్టు’ 2012లోను, గూగుల్ వారి ‘క్రోమ్‌కాస్టు’ 2013లోను వెలువడినవి. క్రోమ్‌కాస్టు అమెరికాలో 35 డాలర్లకును, 2014 డిసెంబరులో మన దేశమున 2,999 రూపాయలకును విక్రయింపబడెను. ఇంత చవుక యగుటచేతనే యిండ్లనుండి బడులలోనికిని అది ప్రవేశించినది. దాని తయారీ 2024లో నిలిచిపోయినను, ఆ పద్ధతి యనేకములగు స్మార్టు టెలివిజనులలో నేటికిని కలదు.

ఈ సాధనములు పనిచేయు విధములు ముఖ్యముగా రెండు. ఒకటి ప్రతిబింబ మార్గము. దీనియందు ఫోను తన తెరమీది బొమ్మనే నిమిషనిమిషమును టెలివిజనునకు పంపుచుండును; ఫోను ఆగిన బొమ్మ ఆగును. రెండవది చిరునామా మార్గము. దీనియందు ఫోను “ఫలానా పాఠము ఇంటర్నెట్టునం దిక్కడ నున్నది, నీవే తెచ్చుకొనుము” అని తెరకు చెప్పి యూరకుండును; తెరయే సొంతముగా నా పాఠమును తెచ్చుకొనును. కావున ఇంటర్నెట్టు మందముగా నుండు పల్లెబడిలో రెండవ మార్గము తడబడును. మొదటిది ఫోనులో ముందుగా దాచుకొన్న పాఠమును నిరాటంకముగా చూపగలదు. సాధనమును కొనకముందే ఈ భేదమును తెలిసికొనవలయును.

డప్పు చాటింపు

ఫోనుకు తెర యెక్కడ నున్నదో యెట్లు తెలియును? దీనిని మన యూరి రీతితోనే చెప్పికొందము. ఇబ్రహీంపట్నమున డప్పు కొట్టి “సంత మార్చబడినదహో!” యని చాటించినచో ఆ యూరివారందరును విందురు, మెట్‌పల్లివారికిగాని, కోరుట్లవారికిగాని అది వినబడదు. చాటింపు ఊరి పొలిమేర దాటదు.

మన ఫోనును అట్లే చేయును. “చిత్రమును చూపగల తెర ఎవరైన నిక్కడ గలరా?” యని వలలో, అనగా నెట్‌వర్కులో, నందరును వినునట్లు చాటును. తెర “నేనున్నాను, నా పేరిది, నా చిరునామా యిది” యని బదులు పలుకును. ఈ పద్ధతికి ‘మల్టీకాస్టు డీఎన్‌ఎస్’ అని పేరు. దీని నియమములు 2013లో ‘ఆర్‌ఎఫ్‌సీ 6762’ అను పత్రమున ప్రకటింపబడినవి. ఆపిల్ వారు దీనినే ‘బోంజూర్’ అందురు. ఈ చాటింపు 224.0.0.251 అను సామూహిక చిరునామాకు, 5353వ ద్వారమునకు పోవును. ఆ చిరునామాకు పోవు ప్యాకెట్టులను రౌటరు ఒక వలనుండి మరియొక వలకు దాటింపరాదని శాసనము. అదియే మనము చెప్పిన పొలిమేర.

ఇంటిలో నొకే రౌటరు, ఒకే వల. కావున ఫోను చాటును, తెర పలుకును, పని జరుగును. ఈ సాధనములను నిర్మించినవారు ఇల్లే ప్రపంచమని తలంచిరి. చిక్కంతయు నచ్చటనే పుట్టినది.

పెద్ద ప్రాంగణమున మూడు అడ్డంకులు

బడిగాని కళాశాలగాని పెద్దదైనకొలది దాని వలను పలు ఖండములుగా విభజింతురు. ఉపాధ్యాయుల వల వేరు, విద్యార్థుల వల వేరు, కార్యాలయపు వల వేరు. వీనిని ‘వీల్యాను’ లందురు. సిరిసిల్ల మగ్గములపై ఒకే శాలలో వేర్వేరు పడుగులు నడచినట్లు, ఒకే తీగలపై వేర్వేరు వలలు నడచుచుండును. ఒకదాని దారము మరియొకదానితో కలియదు. ఉపాధ్యాయుని ఫోను ఒక ఖండమునను, తెర మరియొక ఖండమునను ఉన్నయెడల చాటింపు పొలిమేర దాటదు. ఇది మొదటి యడ్డంకి.

రెండవది యేకాంత నియమము. ఒకే యాక్సెస్ పాయింటు క్రింద నున్న రెండు ఫోనులు ఒకదానితో నొకటి మాటలాడకుండ కట్టడి చేయుదురు. వసతిగృహమున ప్రతి గదికిని గడియ వేసినట్లన్నమాట. ఒకని ఫోనులోని రోగము, అనగా వైరసు, మరియొకనికి అంటకుండుటకై యిట్లు చేయుట మంచిదే. కాని ఆ గడియ తెరకును ఫోనుకును నడుమ గూడ పడును.

మూడవది ద్వారపాలకుని ప్రశ్న. పెద్ద ప్రాంగణములలో ప్రతివాడును తన పేరును, రహస్యపదమును చెప్పి వైఫైలోనికి ప్రవేశింపవలెను. దీనికి ‘802.1ఎక్స్’ అను పద్ధతి కలదు. దేశదేశముల విశ్వవిద్యాలయములను కలుపు ‘ఎడ్యురోమ్’ సేవయు నీ పద్ధతినే వాడును. మన దేశమున దానిని ఎర్నెట్ ఇండియా వారు నడుపుచున్నారు. కాని తొలి తరముల క్రోమ్‌కాస్టులకు ఇట్లు పేరు చెప్పుకొను శక్తి లేదు. కొన్నిచోట్ల వైఫైలో చేరినంతనే యొక పుట తెరచుకొని రహస్యపదము నడుగును. మీటలులేని యీ చిన్నసాధనము దానికేమి బదులు చెప్పగలదు? ఆపిల్ టీవీకి మాత్రము ప్రత్యేకమగు అమరికపత్రముద్వారా 802.1ఎక్స్ శక్తిని కల్పింపవచ్చును.

ఈ బాధ మన యొక్కరిదే కాదు. అమెరికాలోని ‘ఎడ్యుకాజ్’ సంఘమునకు చెందిన కళాశాలల వైఫై నిర్వాహకులు 2012లో ఆపిల్ సంస్థకు బహిరంగముగా విన్నపము చేసికొని, బోంజూరును పెద్ద ప్రాంగణములకు తగినట్లు దిద్దవలసినదని కోరిరి. ధనసంపన్నములగు విశ్వవిద్యాలయములే యిట్లు మొరవెట్టుకొన్నప్పుడు, మన బడిలోని యొక ఉపాధ్యాయుడు తెరముందు తెల్లబోయి నిలిచినందుకు సిగ్గుపడవలసిన పనిలేదు.

పొలిమేరలన్నియు తీసివేయరాదా?

“అట్లయిన బడి యంతటికి నొకే వలను వేసి, గడియలన్నియు తీసివేసిన సరిపోవును గదా!” యని కొందరందురు. చిన్న బడిలో నిది చెల్లవచ్చును. పెద్దచోట రెండు కీడులు గలవు.

మొదటి కీడు గాలిలోని రద్దీ. వైఫైలో ఒక సమయమున ఒక మార్గముపై ఒకరే మాటలాడవలెను. ఒక ఫోనుకు ప్రత్యేకముగా పంపు ప్యాకెట్టు మిక్కిలి వేగముగా పోవును. అందరికిని వినబడవలసిన చాటింపును మాత్రము, దూరముననున్న పాత సాధనమునకును అందునట్లు, యాక్సెస్ పాయింటు అతి తక్కువ వేగమున పంపును. లెక్క వేసి చూతము. 300 బైట్ల చాటింపు 2,400 బిట్లగును. సెకనుకు 1 మెగాబిట్టు వేగమున దానికి 2.4 మిల్లీసెకనులు పట్టును. అదే ప్యాకెట్టు 100 మెగాబిట్ల వేగమున 0.024 మిల్లీసెకనులలో ముగియును. నూరురెట్లు భేదము! సెకనుకు 200 చాటింపులు వచ్చినయెడల 480 మిల్లీసెకనులు, అనగా కాలములో దాదాపు సగము, చాటింపులకే సరిపోవును. పాఠమునకు మిగులున దేమి?

ఇది ఊహామాత్రము కాదు. 2018 జనవరిలో ఒక విచిత్రము బయల్పడెను. తెరను వెదకుటకై కొన్ని సెకనుల కొకమారు చాటింపు పంపవలసిన సాధనములు, నిద్రనుండి మేల్కొనినప్పుడు, నిద్రకాలమున పంపని చాటింపుల నన్నిటిని ఒక్కుమ్మడిగా పంపజొచ్చినవి. కొన్నియెడల నవి లక్షకు మించినవి. ఆ తాకిడికి ఇండ్లలోని రౌటరులే స్తంభించినవి. గూగుల్ వారు పిమ్మట దానిని సరిదిద్దిరి. ఒక్క యింటి పాటే యిట్లయిన, వందల ఫోనులుగల ప్రాంగణము పాటేమి?

రెండవ కీడు మానమర్యాదలకు సంబంధించినది. వలయంతయు నొకటే యైన, ఒక గదిలోని కొంటెవాడు మరియొక గదిలోని తెరపై తన యిష్టము వచ్చిన బొమ్మను వేయవచ్చును. పొరపాటునను అట్లు జరుగవచ్చును. ఉపాధ్యాయుడు తన యింటి ఫొటోను చూచుకొనబోయి పదవ తరగతివారికి చూపవచ్చును. 2019 జనవరిలో, ఇండ్లలోని రౌటరులు తమంత తామే తెరచియుంచిన ద్వారములగుండ, ఎక్కడివారో బయటివారు ప్రవేశించి వేలకొలది టెలివిజనులపై తమ ప్రకటనను చూపించిరి. బాలబాలికలు కూర్చుండు గదిలో నిట్లు జరిగిన నెంతటి యప్రతిష్ఠ! కావున పొలిమేర యవసరమే. దానిని కూల్చుట కాదు, దానిలో సరియైన చోట వాకిలి నుంచుటయే నేర్పు.

పరిహార మార్గములు

చిన్న బడికి మొదటి మార్గము తీగయే. హెచ్‌డీఎంఐ తీగ యొకటి బల్లయొద్ద నెల్లప్పుడు నుండవలెను. తీగలేని సాధనము కొన్నంత మాత్రమున తీగను తీసివేయరాదు. రెండవ మార్గము మిరాకాస్టు. దీనికి బడి వైఫైతో పనిలేదు. ఫోనును తెరయు నేరుగా నొకదానితో నొకటి కలిసికొనును. అయితే ఆపిల్ ఫోనులలో నిది లేదు. ప్రక్కప్రక్క గదులలో నందరు నొకేమారు వాడిన నొకరి తరంగము మరియొకరికి తగులును.

నడిమి తరగతి బడికి మేలైనది ‘దౌత్యము’. పొలిమేరవద్ద నొక నమ్మకస్థుని నిలిపి, “ఈ యూరి చాటింపులో తెరలను గూర్చిన మాట మాత్రమే ఆ యూరికి చేరవేయుము, తక్కినవి విడువుము” అని చెప్పినట్లు, రెండు వలల నడుమ నొక చాటింపు ద్వారమును నిలుపుదురు. పెద్ద వైఫై సంస్థల పరికరములలో నిది గలదు. లినక్సుతో నడచు చిన్న కంప్యూటరులో ‘అవాహి’ యను ఉచిత సాఫ్ట్‌వేరును నెలకొల్పియు చాటింపును దాటింపవచ్చును. కొన్ని పెద్ద పరికరములు గదిని బట్టి వడపోసి, ఆరవ తరగతిలోనున్న యుపాధ్యాయునికి ఆరవ తరగతి తెరను మాత్రమే చూపగలవు.

ఇచ్చట నొక మెలకువ. పేరు వినబడినంత మాత్రమున తలుపు తెరచుకొనదు. ఫోనులో తెర పేరు కనబడును, దానిని నొక్కిన మాత్రము పని జరుగదు. ఏలన చాటింపు దాటినను, అటుపిమ్మటి సంభాషణ దాటుటకు రక్షణగోడలో, అనగా ఫైర్‌వాలులో, అనుమతి లేదు. క్రోమ్‌కాస్టుతో సంభాషణ ముఖ్యముగా 8009వ ద్వారమున జరుగును. ప్రతిబింబ చిత్రమునకు వేరు ద్వారములు గలవు. ఉపాధ్యాయుల వలనుండి తెరల వలకు మాత్రము వీనిని తెరచి, విద్యార్థుల వలనుండి మూసియుంచవలయును. చాటింపు నొక్కదానిని దాటించి పని ముగిసినదని చేతులు దులుపుకొనుట సాధారణముగా జరుగు పొరపాటు.

పెద్ద ప్రాంగణమునకు, ముఖ్యముగా వసతిగృహములు గలచోటికి, ‘ఒకే పేరు, పలు తాళపుచెవులు’ అను పద్ధతి తగును. వైఫై పేరు అందరికి నొకటే. కాని ప్రతి విద్యార్థికి నొక ప్రత్యేక రహస్యపదము. ఆ పదముతో చేరిన ఫోనును తెరయు నొక చిన్న యింటివారివలె తమలో తామే చూచుకొందురు, ప్రక్కగదివారికి కానరారు. పేరు చెప్పుకొనలేని సాధనమునకు గూడ నిట్లు ప్రవేశము దొరకును. మరికొన్నిచోట్ల సాధనము మీద ముద్రించిన మ్యాక్ చిరునామాను ముందుగా నమోదు చేయుదురు. తెరలకిది చెల్లును. ఫోనులకు మాత్రము చెల్లదు. ఏలన 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 మొదలు, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 మొదలు, ఫోనులు వలవలకు మారుచిరునామాను వాడుచున్నవి. కావున మనుష్యుని పేరుతోను, తెరను నమోదుతోను గుర్తించుట యుక్తము.

పది గదుల బడికి మాదిరి

పై సంగతులను ఇబ్రహీంపట్నమువంటి మండల కేంద్రములోని పది గదుల ఉన్నత పాఠశాలకు అన్వయించి చూతము. ఉపాధ్యాయుల వలకు 192.168.10, తెరల వలకు 192.168.20, విద్యార్థుల వలకు 192.168.30 అని మూడు ఖండములు చేయుదము. ఒక్కొక్కదానిలో 254 సాధనములకు చోటుండును, మనకది చాలును. పది తెరలకును “తరగతి 6”, “తరగతి 7”, “ప్రయోగశాల” అని స్పష్టమైన పేర్లు పెట్టుదము. పెట్టెతో వచ్చిన పేరునే యుంచిన పదింటికి నొకే పేరగును. ఏది యేదో తెలియదు. వీలైనచోట తెరను వైఫైతో గాక తీగతో వలకు కలుపుదము. అప్పుడు గాలి ఫోనులకు మిగులును. మొదటి వలకును రెండవ వలకును నడుమ చాటింపు ద్వారమును, సంభాషణ యనుమతిని కల్పించి, మూడవదానికి మూసివేయుదము. తెరమీద నాలుగంకెలు చూపి వానిని ఫోనులో వేయుమని యడుగు సౌకర్యమున్న సాధనములలో దానిని తప్పక వాడుదము. గదిలో నున్నవాడే ఆ యంకెలను చూడగలడు గావున, బయటివాడు చొరబడలేడు.

మరియొక జాగ్రత్త. ఇంటికొరకు చేసిన సాధనములకు ఆయుర్దాయము పరిమితము. 2025 మార్చి 9వ తేదీన రెండవ తరము క్రోమ్‌కాస్టులు లోకమంతట నొక్కమారుగా పనిమానినవి. వానిలోపలి ధ్రువపత్రమునకు పెట్టిన గడువు ఆ దినముతో తీరెను. దానిని ముందుగా నెవ్వరును మార్చలేదు. కొలది దినములలో గూగుల్ వారు సవరణ పంపిరి. ఆ దినములలో తీగ దాచుకొన్న తరగతులలో పాఠము నడచియుండును. తీగ పారవేసినచోట నల్లబల్లయే దిక్కు.

చేసి చూడవలసినది

విద్యార్థులారా! మీరు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. పెద్దల యనుమతితో నొక ఫోనులో హాట్‌స్పాటు తెరచి, స్మార్టు టెలివిజనును, రెండవ ఫోనును దానికి కలుపుడు. రెండవ ఫోనులో తెర పేరు కనబడును. తరువాత రెండవ ఫోనును విడదీసి వేరొక వైఫైకి కలుపుడు. తెర అక్కడనే యున్నది, మీరును అక్కడనే యున్నారు. కాని పేరు మాయమగుట చూతురు. యంత్రము చెడలేదు, చాటింపు పొలిమేర దాటలేదు, అంతే. మేము మొదట నీ పరీక్ష చేసినప్పుడు, అంతకుముందు చెడిపోయినదని మూలబెట్టిన యొక సాధనమును తిరిగి వాడుకలోనికి తెచ్చుకొంటిమి.

మీలో కొందరు రేపు జగిత్యాల జిల్లా నాచుపల్లిలోని ఇంజనీరింగు కళాశాలలోనో, మరియొకచోటనో చదివి, ఏదో యొక విద్యాలయపు వలను కాపాడు ఉద్యోగమున ప్రవేశింతురు. అప్పుడొక ఉపాధ్యాయుడు వచ్చి “తెర కానరాలేదు” అని చెప్పిన, “మీకు వాడుట రాదు” అని త్రోసిపుచ్చకుడు. ఆయన ఫోను ఏ వలలో నున్నదో, తెర ఏ వలలో నున్నదో, నడుమ చాటింపు దాటుచున్నదో, సంభాషణకు ద్వారమున్నదో, ఈ నాలుగింటిని వరుసగా చూడుడు. తప్పు ఈ నాలుగింటిలో నొకచోటనే తరచుగా దొరకును. దానిని మీరు గంట మ్రోగకముందే దిద్దిన, ఆ గదిలోని నలుబదిమంది పిల్లలకు తమ పాఠము దక్కును.